ఎమ్మిగనూరు పరుపులో ఆఖరి మడత

ఆదోని పత్తి మార్కెట్టు వైపు నుంచి ఎండాకాలం గాలి లేచిందంటే బట్టతలవాడు కూడా నెత్తి నిండా తెల్లజుట్టుతో ఇల్లు చేరతాడు. ఇది అబద్ధం అనేవాళ్లు ఆదోని చూసి ఉండరు. ఆ మార్కెట్టు వెనక వీధిలో రసూల్ సాబ్ పరుపుల అంగడి ఉంది. తరతరాల దూదేకుల ఇల్లు. అంగడి, ఏకుడు యంత్రం, తలుపు మీది బోర్డు రసూల్ సాబ్‌వి. నోరు మాత్రం ఆయన తల్లి బడేబీది.

బడేబీ దబ్బనం పట్టి పరుపు కుట్టిందంటే కుట్టు వంకర పోదు. నోరు విప్పి మాట కుట్టిందంటే అది ఎటు పోతుందో ఆమెకే తెలియదు. తుంగభద్రకు వరద వచ్చిన ఏడు మాధవరంలో ఒక కుటుంబం తన పరుపెక్కి కూర్చుని, దాని మీదే పొయ్యి పెట్టుకుని వండుకు తింటూ కర్నూలు దాకా తేలిపోయిందని చెబుతుంది. పరుపు తడవలేదా అని ఎవరైనా అడిగితే, తడిసింది, అందుకే దిగినాక పిండి ఆరేసుకున్నారు అంటుంది. పరుపు కొనడానికి వచ్చినవాళ్లు కడుపు పట్టుకుని నవ్వి, అడగని దిండు కూడా ఒకటి తీసుకుని పోతారు.

నవ్వని మనిషి ఒక్కతే, మనవరాలు అస్మా. తల్లి తస్లీమా కూడా నవ్వదు గానీ ఆమె సంగతి వేరు. ఆమె మిషను ముందు కూర్చుని రోజంతా పరుపులకు గలీబులు కుడుతుంది. ఆ ఇంట్లో ఇంకొక మనిషి మాట్లాడటానికి సందు ఉండదని పెళ్లైన వారానికే కనుక్కుని, ఆ ప్రయత్నం మానుకుంది. అస్మా మానుకోలేదు. అవ్వ ఒక మాట అంటే అది ఎందుకు జరగదో లెక్కగా చెప్పేది. పరుపు నీళ్లలో తేలదనీ, తేలినా దాని మీద పొయ్యి నిలవదనీ బడికి పోయే వయసు నుంచీ కొనేవాళ్ల ముందే నిరూపించి, బేరాలు చెడగొట్టిన చరిత్ర ఆ పిల్లది. బొమ్మలు వేయడం కూడా అలాగే. ఉన్నదాన్ని ఉన్నట్టు వేస్తుంది. మేకకు కుంటికాలు ఉంటే బొమ్మలోనూ కుంటుతుంది.

ఈ బొమ్మల పిచ్చితోనే కడపలో చిత్రకళ కాలేజీలో చేరింది. చదువు మధ్యలో వదిలేస్తే ఎంత హాయిగా ఉంటుందో వదిలేసిన వాళ్లను అడిగితే చెబుతారు. అస్మా అడగలేదు. పోయినేడు పరీక్షకని మట్టిబొమ్మలు చేసి ఆదోనిలో బస్సెక్కితే, గుత్తి దాటేసరికి అవి మళ్లీ మట్టి అయిపోయాయి. ఏడు పోయింది. రసూల్ సాబ్ కేకలు వేసే మనిషి కాదు. దబ్బనానికి దారం ఎక్కిస్తూ తలెత్తకుండా ఒకే మాట అన్నాడు.

"ఈసారి కూడా పోతే సాలు పాపా. వచ్చి ఈడ కూసో. నీ శెయ్యి కుదురైన శెయ్యి, దబ్బనానికి పనికొస్తాది."

అదొక మెచ్చుకోలని ఆయన అనుకున్నాడు. అస్మా అనుకోలేదు.

ఈసారి పరీక్షకు శ్రీపాదరావు సారు ఒక పని పెట్టారు. ఎవరికి వాళ్లు తమ ఊళ్లో బాగా తెలిసిన పని ఒకటి ఎంచుకుని, దాన్ని మడతల పుస్తకంగా సొంత చేతులతో చేసి తేవాలి. ఆ పుస్తకానికి కుట్టు ఉండదు. పొడుగాటి దళసరి కాగితాన్ని ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి మడుస్తూ పోయి, రెండు కొసలకూ అట్టలు అంటిస్తారు. మూస్తే చేతిలో ఇమిడిపోతుంది, పట్టి లాగితే గది దాటి గడపకు వస్తుంది.

అస్మా పత్తిని ఎంచుకుంది. హాలహర్వి పొలంలో విచ్చుకున్న కాయతో మొదలుపెట్టి, బండి, మార్కెట్టు, గింజ తీసే మిల్లు, నాయన ఏకుడు యంత్రం, అమ్మ గలీబు, అవ్వ దబ్బనం, ఆటో ఎక్కి పోతున్న పరుపు, ఇలా మడతకు ఒక బొమ్మ. ఆఖరి మడతలో ఎవరూ ఊహించని బొమ్మ వేసింది. అంగడి మూసిన తర్వాత, కప్పు దాకా పేర్చిన పరుపుల పక్కన, కటిక నేల మీద చాప పరుచుకుని పడుకున్న బడేబీ. ఆ ఇంట్లో అందరూ పడుకునేది చాపల మీదే. పరుపు అమ్ముడుపోయే వస్తువు, దాని మీద ఒళ్లు వాలిస్తే అణిగిపోతుంది.

వేసిన బొమ్మలన్నిట్లో అదే బాగా కుదిరిందని అస్మాకు తెలుసు. బడేబీకీ తెలుసు. అందుకే మండిపడింది.

"పరుపులు కుట్టే ఇంట్లో ముసల్ది సాప మీద పండుకుంటాదని కడప దాకా సాటిస్తావా మే? నీ కండ్లకు నా కింద ఒక పరుపు యేసేకి మనసు రాల్యా?"

"నువ్వు పండుకునేది సాప మీదే కదవ్వా. ఉండేదే యేసినా."

"ఉండేది యేసేకి సదువెందుకు? ఫోను సాలు."

అవ్వ మాట లెక్కకు సరిపోతోందని అస్మాకు తోచింది. అదే ఆమెకు ఇంకా చిరాకు.

పుస్తకం చేయడం మాటలు కాదు. పత్తి అంగట్లో జిగురు పని పెట్టుకోవడమంటే తేనె పూసుకుని చీమల పుట్టలో కూర్చోవడమే. మైదాపిండి ఉడికించి కాగితాల అంచులకు రాస్తే, అది ఆరేలోపు గాలిలో ఎగిరే దూదంతా వచ్చి వాలేది. మార్కెట్టు బండి బొమ్మకు మీసాలు మొలిచాయి. గిల్లి గిల్లి తీసేసరికి మిల్లుకు గడ్డం వచ్చింది. చెంచా కాడతో మడతను గీరుతుంటే బడేబీ పక్కన చేరి, కుట్టు లేకుండా నిలిచేది పుస్తకమెట్ల అయితాదని రోజుకొకసారి అడిగేది. రెండు టాకాలు తాను వేసి పెడతానని దబ్బనం పట్టుకుని వచ్చేది. ఒకనాడు అస్మా పుస్తకాన్ని గుండెకు అదుముకుని వీధి చివరిదాకా పరుగెత్తవలసి వచ్చింది. చూసినవాళ్లు అవ్వ మనవరాలిని పొడవడానికి తరుముతోందనుకున్నారు.

ఎలాగో పూర్తయింది. అట్టలకు ఎమ్మిగనూరు మగ్గం గుడ్డ చుట్టింది, ఎర్రంచుది. ఇక ఒక పూట బరువు కింద పెడితే మడతలు అణిగి పుస్తకం నిలబడుతుంది. సాయంత్రం రైలుకు కడప పోవాలి, మరునాడు సారు ముందు పెట్టాలి. జిగురు తడి ఎక్కడా తగలకుండా పుస్తకాన్ని మిగిలిన ఎర్రంచు గుడ్డలోనే చుట్టి, మూల ఉన్న సగం కుట్టిన పరుపు మీద పెట్టి, దాని మీద బరువుకని ఇంకొక పరుపు మోసుకొద్దామని అటు తిరిగింది. అప్పుడే అట్టలకు కట్టే రిబ్బను లేదని గుర్తొచ్చి బజారుకు పరుగెత్తింది. ఇప్పుడే వస్తా కదా అనుకుంది. ప్రపంచంలో సగం నాశనాలు ఇప్పుడే వస్తా అనుకునేవాళ్ల వల్లే జరిగాయి.

ఇక్కడ ఆ అంగడి ఆనవాయితీ ఒకటి తెలియాలి. పెళ్లిపరుపు కుట్టించుకునేవాళ్లు పెళ్లికూతురి తల్లి చీర పేలికలో పసుపుకొమ్మో, గాజో, ఏదో ఒకటి కట్టి పంపుతారు. బడేబీ దాన్ని దూది మధ్యలో పెట్టి కుట్టేస్తుంది. పరుపు కడుపులో ఉంటుంది గనక దాన్ని కడుపుమూట అంటుంది. ఈ ఆనవాయితీ ఎప్పటిదని అడిగితే నవాబుల కాలం నాటిదని చెబుతుంది. నిజానికి ఒకసారి ఒక పరుపులో తన తాళంచెవులు పడిపోతే, ఆ సంగతి కొన్నవాళ్లకు చెప్పలేక అప్పటికప్పుడు కల్పించినది. ఆ నోటితోనే ఇంకొక మాట కూడా ఊరూరా పాకించింది: కడుపుమూట ఉన్న పరుపు కుట్టు విప్పితే కాపురం కుట్టు విప్పినట్టే.

మూల ఉన్న ఆ సగం పరుపు ఎమ్మిగనూరులో మగ్గాలాడించే పార్వతమ్మ మనవరాలి పెళ్లిది. కడుపుమూటను ఎవరిచేతనో పంపిస్తానని పార్వతమ్మ ఫోనులో చెప్పి ఉంది. బడేబీ వచ్చి చూస్తే పరుపు మీద ఎర్రంచు ఎమ్మిగనూరు గుడ్డలో చుట్టిన మూట. ఇంకేం కావాలి. దూది కప్పి, దబ్బనం అందుకుంది.

ఎర్రంచుకు సరిపోయే రిబ్బను కోసం బజారంతా వెతికి అస్మా వచ్చేసరికి పూట గడిచింది, మూల ఖాళీగా ఉంది. మాదన్న ట్రాలీ ఆటోలో పరుపు ఎక్కించుకుని పోయి చాలాసేపయిందట. ఈడ నా పుస్తకం పెట్టినాను కదా అని అస్మా అడిగింది. పుస్తకం చూడలేదని బడేబీ చెప్పింది, కడుపుమూట మాత్రం చూశానంది. ఎట్లున్నింది ఆ మూట అని అస్మా అడిగింది. ఎర్రంచుది, కొంచెం గట్టిగా ఉన్నింది, పార్వతమ్మ ఈసారి దండిగా పెట్టినాదని అనుకున్నానంది బడేబీ.

అస్మా నేల మీద కూలబడింది. తస్లీమా మిషను ఆపింది. ఆ మిషను పట్టపగలు ఆగడం ఆ వీధి ఎరగదు, పక్క అంగడివాళ్లు కరెంటు పోయిందేమోనని తమ ఫ్యాను చూసుకున్నారు. రసూల్ సాబ్ మాదన్నకు ఫోను చేస్తే, పరుపు దించేశానని చెప్పాడు.

"గమ్మునుండు పాపా, పోయి తెస్తాము," అంది బడేబీ. "నేను కుట్టిందే కదా."

"విప్పేకి ఒప్పుకుంటారా వాళ్లు? విప్పితే కాపురం పోతాదని ఊర్లన్నీ తిరిగి సెప్పింది నువ్వే కదవ్వా."

బడేబీ దబ్బనాన్ని రొంటిన దోపుకుంటూ, అంత గట్టిగా చెప్పకుండా ఉండాల్సింది అంది. ఆమె జన్మలో తన మాట మీద తాను చేసిన విమర్శ అదొక్కటే.

ఇద్దరూ ఎమ్మిగనూరు బస్సెక్కారు. దారిపొడుగునా అస్మా కిటికీ వైపు తిరిగి పళ్లు నూరుతూనే ఉంది. దబ్బనానికి ఒక్క ప్రయత్నంలో దారం ఎక్కించే మనిషికి గట్టి అట్టలకూ పసుపుకొమ్ముకూ తేడా తెలియదా? ఆ చాప బొమ్మ మీద కోపంతో కావాలనే కుట్టేసిందా? అడుగుదామని తిరిగేసరికి అవ్వ అప్పటికే కండక్టరుకు ఆదోని కోట కథ చెబుతోంది. కోట గోడలు అంత మందంగా ఉండటానికి కారణం వాటి లోపల తన ముత్తాత ఏకిన దూది ఉందట. కండక్టరు నోరు తెరుచుకుని వింటూ ఒక స్టాపు దగ్గర విజిలు వేయడం మరిచిపోయాడు.

పార్వతమ్మ ఇంటి ముందు పందిరి, లోపల చుట్టాలు, నడింట్లో గోడకు ఆనించి పెళ్లిపరుపు. పార్వతమ్మ బడేబీని చూడగానే ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. పెళ్లి పనుల్లో పడి కడుపుమూట పంపడమే మరిచిపోయిందట. పరుపు దించాక తడిమి చూస్తే లోపల మూట చేతికి తగిలిందట. మేము మరిచినా నువ్వు మరవల్యా, నీ సొంత మూట పెట్టినావే వదినా అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

అస్మా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అది తన పరీక్ష పుస్తకమనీ, పొరపాటున పడిందనీ, కుట్టు విప్పి ఇస్తే మళ్లీ కుట్టి ఇస్తామనీ. పార్వతమ్మ మర్యాదగా విని, పిల్ల అలసిపోయింది, దానికి మజ్జిగ ఇయ్యండని లోపలికి చెప్పింది. తర్వాత బడేబీ వైపు తిరిగింది.

"కుట్టు ఇప్పితే కాపురం ఇప్పినట్టేనని మా పెద్దకోడలి పెండ్లిలో నువ్వు సెప్పిన మాట నేను మరసల్యా వదినా. పరీచ్చలు ఏడాదికొకసారి వస్తాయి. పెండ్లి మళ్లమళ్ల వస్తాదా?"

చుట్టాలందరూ అది నిజమేనన్నారు. అస్మాకు ఒక్కసారిగా కళ్లముందు దబ్బనం కనిపించింది. ఈ సంవత్సరం, వచ్చే సంవత్సరం, ఆ తర్వాతివి, అన్నీ అంగడి మూల దూదిలో. ఇక మిగిలింది ఒకటే దారి. అవ్వ ముందుకు వచ్చి, ఆ కుట్టు మాట వట్టిదని, తాను కల్పించినదని అందరి ముందూ చెప్పాలి. అస్మా అవ్వ కొంగు పట్టి లాగి, చెప్పు అన్నట్టు చూసింది.

బడేబీ గొంతు సవరించుకుంది. పరుపు దగ్గరికి పోయింది. అడుగువైపు తడిమి, ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అయ్యో వదినా, మూట కాళ్లకాడికి జారింది."

కాళ్ల వైపు ఉంటే ఏమవుతుందని పార్వతమ్మ అడగక ముందే కథ మొదలైంది. తుగ్గలిలో ఒక పెళ్లిపరుపులో మూట ఇలాగే కాళ్ల వైపు పడిందట. ఆ పెళ్లికొడుకుకు రోజూ నిద్రలో నడక. మొదటిరోజు వాకిలి దాకా, ఆ పైన ఊరిబయటి దాకా. చివరికి ఒకనాడు నిద్రలోనే నడిచి బళ్లారి చేరి, అక్కడ హోటల్లో దోసె తిని, కన్నడంలో ఇంకొక గిన్నె చట్నీ అడిగి తిరిగొచ్చాడట. మెలకువలో వాడికి కన్నడం ఒక్క ముక్క రాదు. తిరిగొచ్చాడు గనక సరిపోయింది, రాకపోతే ఆ పిల్ల గతి ఏం కాను?

పెళ్లికూతురు నెమ్మదిగా పరుపుకు దూరం జరిగింది. అస్మా తల గోడకు కొట్టుకుందామనుకుంది గానీ గోడ నిండా చుట్టాలున్నారు.

ఇప్పుడు ఏం చేయాలని పార్వతమ్మ అడిగింది. కుట్టిన చేతితోనే విప్పితే దోషం లేదని బడేబీ తీర్పు చెప్పింది. దబ్బనం రొంటినే ఉంది. కాళ్ల వైపు కుట్టు విప్పి, దూదిలోకి చెయ్యి దూర్చి, మంత్రసాని బిడ్డను తీసినట్టు పుస్తకాన్ని బయటికి లాగింది. గుడ్డ విప్పి చూస్తే, మడతలు కత్తితో కోసినట్టు అణిగి ఉన్నాయి. ఏ బరువు పెట్టినా అంత చక్కగా అణగవు. బడేబీ మనవరాలి వైపు చూసిన చూపులో ఇది కూడా తన గొప్పే అని రాసి ఉంది.

అంతటితో అయిపోతే అస్మా అదృష్టవంతురాలు. పార్వతమ్మ పుస్తకం కొస పట్టుకుంది. అది విచ్చుకుంటూ నడిల్లు దాటింది. పొలం, బండి, మిల్లు, దబ్బనం ఒక్కొక్కటీ చుట్టాల చేతుల మీదుగా పోయాయి. మూట కాళ్ల వైపు నుంచి తీసి తల వైపు పెట్టాలి కదా, ఇంత ముచ్చటైన మూట ఎక్కడ దొరుకుతుంది, ఇదే పెట్టేయండి అంది పార్వతమ్మ.

బేరం చాలాసేపు సాగింది. కడుపులో ఒకసారి పడినది మొత్తంగా తిరిగిపోతే కీడని పార్వతమ్మే ఇప్పుడు కొత్త సూత్రం చెప్పసాగింది. అబద్ధం అంటువ్యాధి. ఆఖరికి ఒక మడత కోసి ఇచ్చి, మిగతాది తీసుకుపోవడానికి ఒప్పందం కుదిరింది. ఏ మడత అని అందరూ అస్మా వైపు చూశారు. అస్మా ఇంకా చూసుకుంటూనే ఉంది, బండి ఇవ్వనా, మిల్లు ఇవ్వనా అని. బడేబీ వేలు మాత్రం అప్పటికే కొస మీద ఉంది.

"నడుమది కోస్తే అతుకు కనపడతాది మే. ఈ కొసది ఇయ్యి."

చాప బొమ్మ. పని పరంగా చూస్తే అవ్వ చెప్పింది నిజమే, కొస మడత కోస్తేనే పుస్తకం నిలుస్తుంది. అదే అస్మా ఒళ్లు మండించింది. ఎప్పుడూ నిజం చెప్పని మనిషి ఆ ఒక్కసారి నిజం చెప్పడం చూస్తే, కావాలనే చేసిందనడానికి ఇంకేం అనుమానం మిగులుతుంది. అయినా రైలుకు టైము అవుతోంది. కత్తెర అడిగి, మడత వెంట కోసి, తన బొమ్మలన్నిట్లోకీ మంచి బొమ్మను పార్వతమ్మ చేతిలో పెట్టింది. బడేబీ దాన్ని బొమ్మ లోపలికి ఉండేలా మడిచి, చీర పేలికలో చుట్టి, తల వైపు కుట్టేసింది. ఆ కుట్టు వేసినంత గట్టిగా ఆమె ఎన్నడూ ఏ కుట్టూ వేసి ఉండదు. వెనక అట్టను అస్మా రైల్లో ఒళ్లో పెట్టుకుని, ఇంటి నుంచి పొట్లం కట్టుకొచ్చిన జిగురుముద్దతో మళ్లీ అంటించింది.

మరునాడు శ్రీపాదరావు సారు పుస్తకాన్ని బల్ల పొడుగునా పరిచి, ఒక కొస నుంచి ఇంకొక కొసకు నడిచారు. మళ్లీ వెనక్కి నడిచారు. పరుపు ఆటో ఎక్కి పోతున్న బొమ్మ దగ్గర ఆగి, తర్వాత ఏమైంది, ఇది ఆగిపోయినట్టుంది, ఇంకొక మడత ఉండాలే అన్నారు.

"ఉన్నింది సార్. ఎమ్మిగనూరులో పెళ్లిపరుపులో పెట్టి కుట్టేసినారు," అని మొత్తం చెప్పింది. కడుపుమూట, కాళ్ల వైపు, బళ్లారి దోసె, ఏదీ దాచలేదు. ఆ పిల్ల జీవితంలో చెప్పిన మాటల్లో అంతకన్నా నిజమైన మాట లేదు.

సారు కళ్లజోడు తీశారు. "చూడమ్మా, నేనూ మంత్రాలయం పక్కన పుట్టినవాణ్ణే. మన వైపు వాళ్లు కథలు ఎలా అల్లుతారో నాకు తెలుసు. పని పూర్తి కాకపోతే కాలేదని చెప్పు. ఇలాంటివి చెప్పి మార్కులు పోగొట్టుకోకు."

అస్మాకు మండిపోయింది. అవ్వ తుగ్గలి పెళ్లికొడుకును బళ్లారికి నడిపిస్తే ఇల్లంతా నమ్మింది. తాను జరిగింది చెబితే ఒక్క మనిషి నమ్మడు. ఇక చాలనుకుంది. గొంతు సవరించుకుంది, అచ్చం అవ్వలాగే.

"కావాలనే తీసేసినా సార్. పరుపు కుట్టినవాళ్లకు దాని మీద ఎవరు పడుకుంటారో తెలియదు కదా. చూసేవాళ్లకూ తెలియకూడదని ఆడికే ఆపినా."

సారు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, ఆ కొస దాకా ఇంకొకసారి నడిచారు. తర్వాత పక్క తరగతి పిల్లలందరినీ పిలిపించారు. లేని మడతను చూపించి, ఉన్న మడతలన్నిటి కన్నా ఇదే గొప్పదని చెప్పారు. అస్మా తల వంచుకుని నిలబడింది. అందరూ అది అణకువ అనుకున్నారు.

పాసైంది. ఆదోనిలో రైలు దిగి ఇంటికి పోయేసరికి అంగడి ముందు ఆడవాళ్లు గుంపుగా ఉన్నారు. వెళ్లి చూస్తే బడేబీ నడుమ కూర్చుని చెబుతోంది. పెళ్లిపరుపు తల వైపు మడతల బొమ్మ పెట్టిస్తే ఆ ఇంట్లో మొగుడు నిద్రలో కూడా ఊరు దాటడట. ఎమ్మిగనూరులో ఇది రుజువైందట. పెళ్లై ఇంకా వారం కాలేదు. ఆ బొమ్మలు వేసే మనవరాలు కడపలో అందరికన్నా పెద్ద చదువు గెలిచి ఇప్పుడే వస్తోందట. అందరూ తిరిగి అస్మాను చూశారు. రసూల్ సాబ్ పెన్సిళ్ల కట్ట కొని ఉంచాడు. ఇక దబ్బనం పట్టనక్కర్లేదు, ఈడ కూర్చుని బొమ్మలు వేసుకో పాపా అన్నాడు, తాను మాట తప్పలేదన్నట్టు. లోపల తస్లీమా మిషను ఆపి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, మొదటిసారి నవ్వుతోంది.

అస్మా సంచీ కింద పెట్టింది. అరవడానికి నోరు తెరిచింది. ఎవరి మీద అరవాలో తేలక మూసింది.

"ఈసారన్నా నన్ను పరుపు మీద పండుకోబెట్టు మే," అంది బడేబీ.

అస్మా పళ్లు కొరుకుతూ కాగితం లాక్కుని, చాప మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది. ఒక పరుపు గీసింది. దాని మీద ఇంకొకటి. దాని మీద ఇంకొకటి. కాగితం చాలక మడత పక్కన మడత అంటించుకుంటూ పోయింది. పరుపులు మార్కెట్టు కప్పులు దాటాయి, మిల్లు గొట్టం దాటాయి, ఆదోని కొండ మీది కోట కాళ్ల కిందికి పోయింది. ఆ కొసన, మబ్బుల నడుమ, చేతిలో దబ్బనంతో పడుకున్న బడేబీని వేసి, దిగడానికి నిచ్చెన మాత్రం వేయలేదు.